ముందు అడగనివ్వండి

'నేనెవరు?' అని తడబడే మనిషి మీద జవాబు రుద్దకుండా, జవాబు కోసం తొందరపెట్టకుండా పక్కన కూర్చునే చికిత్స ఒకటుంది. తెలుగు ఇళ్లలో దాని అవసరం చాలా ఉంది. అందుతున్నది మాత్రం కొద్దిమందికే.

2021 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఒకరు తన ఉత్తర్వులో తన గురించే ఒక సంగతి రాసుకున్నారు. తీర్పు చెప్పే ముందు తాను ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని స్వలింగ ప్రేమ గురించి నేర్చుకుంటానని. ఆయన ముందున్న కేసు ఇద్దరు అమ్మాయిలది. మదురైలో ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఇళ్లలో ఒప్పుకోలేదు. చెన్నై వచ్చేశారు. కూతుళ్లు కనిపించడం లేదని కన్నవాళ్లు ఫిర్యాదు ఇచ్చారు, పోలీసులు వెతుక్కుంటూ వచ్చారు. మాకు రక్షణ ఇప్పించండని అమ్మాయిలు కోర్టుకెక్కారు.

జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ మొదట ఆ ఇద్దరినీ, వాళ్ల అమ్మానాన్నలనూ కౌన్సెలర్ దగ్గరికి పంపారు. తర్వాత తానే వెళ్లి సైకాలజిస్టు విద్యా దినకరన్ దగ్గర కూర్చున్నారు. ఈ కేసులో మాట గుండెలోంచి రావాలని, తెలియని విషయం మీద అలాంటి మాట రాదని ఆయన భావం. జూన్ 7న ఇచ్చిన ఉత్తర్వులో ఆయన తన అజ్ఞానాన్ని దాచుకోలేదు. అయితే తెలియకపోవడం వివక్షకు సాకు కాదన్నారు. ఇలాంటివాళ్లను 'మారుస్తాం', 'నయం చేస్తాం' అనే వైద్యాన్ని నిషేధించమన్నారు, అలా చేసే వైద్యుల లైసెన్సు రద్దు చేయడం దాకా చర్యలు ఉండాలన్నారు.

ఆ ఉత్తర్వులో చట్టానికి సంబంధించిన భాగం ఎంత విలువైనదో, తీర్పు చెప్పాల్సిన మనిషి ముందు విద్యార్థిగా కూర్చోవడం నా దృష్టిలో అంత విలువైనది. తెలుగు ఇంట్లో ఒక పిల్లవాడో పిల్లో 'నేను మీరనుకున్నట్టు లేనేమో' అనగానే చుట్టూ ఉన్నవాళ్లందరూ న్యాయమూర్తులైపోతారు. నాన్న తీర్పు, మేనమామ తీర్పు, ఫ్యామిలీ డాక్టరు తీర్పు. అడిగి తెలుసుకుందామనే ఓపిక ఒక్కరికీ ఉండదు.

ఆ ఓపికతో నడిచే పద్ధతిని అఫర్మేటివ్ థెరపీ అంటారు. అమెరికన్ సైకాలజిస్టు ఆలన్ మెలియన్ 1982లో దీనికి ఒక రూపం ఇచ్చారు. మన దేశంలో ముంబైలోని మారివాలా హెల్త్ ఇనిషియేటివ్ 2019 నుంచి కౌన్సెలర్లకు ఇందులో శిక్షణ ఇస్తోంది. మొదలయ్యే చోటు సూటిగా ఉంటుంది. మగవాణ్ని ప్రేమించే మగవాడికి, ఆడమనిషిని ప్రేమించే ఆడమనిషికి, పుట్టినప్పుడు రాసిన లింగం తనది కాదనే మనిషికి జబ్బు లేదు. ఉన్నది బాధ. ఆ బాధలో చాలా భాగం బయటి నుంచి వచ్చి పడ్డది. చికిత్స ఆ బాధకే.

దీని మీద ఒక అపోహ ఉంది, దాన్ని ముందే తీసేద్దాం. వచ్చినవాళ్లు ఏం చెప్పినా తలూపి, 'అవును నువ్వు అదే' అని ముద్ర కొట్టి పంపేయడమే ఈ చికిత్స అనుకుంటారు చాలామంది. నేను చదివినదాన్ని బట్టీ, ఆలోచించినదాన్ని బట్టీ అసలు సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. తిట్టేవాళ్ల ముందు, పరీక్ష పెట్టేవాళ్ల ముందు ఏ మనిషీ తన సందేహాన్ని బయటపెట్టడు. 'నాకే ఖచ్చితంగా తెలియడం లేదు' అనాలంటే, ఎదుటి మనిషి ఆ మాటను తన మీద ఆయుధంగా వాడడన్న నమ్మకం కావాలి. ఆ నమ్మకం ఉన్న గదిలోనే 'నేనెవరు' అన్న ప్రశ్న నిజంగా ప్రశ్నలా ఉంటుంది.

తెనాలి అమ్మాయి

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఆ గదిలో ఏం జరుగుతుందో కళ్లకు కట్టడానికి అల్లినది.

తెనాలి అమ్మాయి, ఇరవై నాలుగేళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, మాదాపూర్‌లో హాస్టల్. చిన్నప్పుడు పట్టులంగా కట్టుకోమంటే ఏడుపే. ఓణీల ఫంక్షన్ నాడు కుర్చీలో కూర్చోబెట్టి అక్షింతలు వేస్తుంటే ఆ ముస్తాబులో ఉన్నది తాను కాదు, ఇంకెవరో అనిపించింది. ఇంటర్‌లో పక్క బెంచీ అమ్మాయి మీద మనసు పడింది, చెప్పలేదు. ఉద్యోగం వచ్చాక క్రాఫు చేయించుకుంది, చొక్కాలు కొనుక్కుంది. రాత్రిళ్లు ఫోన్‌లో ట్రాన్స్ మగవాళ్ల వీడియోలు చూస్తూ 'నేనూ ఇంతేనేమో' అనుకుంటుంది. తెల్లారేసరికి 'కాదేమో' అనిపిస్తుంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు.

కౌన్సెలర్ అడిగిన మొదటి ప్రశ్న: "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?"

"ఇంట్లో చిన్ని అంటారు మేడమ్. అదే అనండి, ఫర్వాలేదు."

కాసేపటికి అసలు విషయం బయటికొచ్చింది. "నేనేంటో మీరే చెప్పెయ్యండి మేడమ్. టెస్టేదైనా ఉంటే రాసివ్వండి, చేయించుకుంటా."

"అలాంటి టెస్టు లేదండీ. ఇవాళే తేల్చెయ్యాలని కూడా ఏం లేదు. ఏ పనిలో, ఎవరి దగ్గర మీకు ఊపిరాడనట్టు ఉంటుంది? ఎక్కడ తేలిగ్గా ఉంటుంది? ముందు అది చెప్పండి."

చిన్ని చెప్పడం మొదలుపెట్టింది. కిరాణా కొట్లో 'ఏం కావాలి తమ్ముడూ' అని పిలిస్తే ఆ సాయంత్రమంతా సంతోషంగా ఉందట. ఇంకో రోజు బస్సులో అదే పిలుపుకి భయం వేసిందట, దిగిపోయిందట. కౌన్సెలర్ రెండూ రాసుకుంది. సంతోషాన్ని పట్టుకుని 'చూశారా, మీరు మగవాడే' అనలేదు. భయాన్ని పట్టుకుని 'చూశారా, ఇదంతా భ్రమే' అనలేదు. చిన్ని ముందు నిజంగా మూడు దారులున్నాయి. తాను మగవాడు కావచ్చు. అమ్మాయిల్ని ఇష్టపడే అమ్మాయి కావచ్చు. లేదా ఆడపిల్ల అన్నందుకు మెడకు తగిలించిన కట్టుబాట్ల మీదే తన కోపమంతా కావచ్చు. ఈ మూడింటిలో ఒకటికి రెండు కలిసి ఉండొచ్చు కూడా.

తర్వాతి వారాల్లో చిన్న చిన్న ప్రయత్నాలు. నమ్మకమైన ఇద్దరు స్నేహితులు కొన్నాళ్లు వేరే పేరుతో పిలిచి చూడాలి. ఆ పేరు విన్నప్పుడు ఒంట్లో ఏమవుతుందో గమనించి రాసుకోవాలి. తిరిగి పాత పేరుతో పిలిపించుకుని చూడాలి. తనలాంటి మరికొందరితో మాట్లాడాలి. నచ్చనిది ఆపెయ్యొచ్చు. ఆపేసినందుకు ఓడిపోయినట్టు కాదు. చివరికి చిన్ని ఏ దారి పట్టిందన్నది కౌన్సెలర్‌కి మార్కులు వేసే విషయం కాదు. తన మాట తాను భయం లేకుండా వినగలిగిందా అన్నదొక్కటే కొలత. 2009లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన నిపుణుల బృందం కూడా ఇదే చెప్పింది. మనిషిని మార్చే చికిత్సలకు ఆధారం లేదంది. ముందే గమ్యం నిర్ణయించకుండా, తనను తాను తెలుసుకోవడానికి తోడుండమంది.

మన దేశపు కౌన్సెలర్‌కి మరో పని ఉంటుంది, పాశ్చాత్య పుస్తకాల్లో అంతగా కనిపించనిది. చిన్నీకి వచ్చే నెల పెళ్లిచూపులు. కాబట్టి మనసు సంగతులతో పాటు ఇవి కూడా అడగాలి: డిగ్రీ సర్టిఫికెట్లు, ఆధార్ కార్డు ఎవరి దగ్గర ఉన్నాయి? జీతం పడే అకౌంటు ఏటీఎం కార్డు ఎవరి చేతిలో ఉంది? ఊరికి వెళ్తే తిరిగి రానిస్తారా? ఇంట్లో ముందుగా చెప్పుకోగలిగిన మనిషి ఎవరు, పిన్నా, అన్నయ్యా? అసలు ఇప్పుడు చెప్పాలా? బయటపడితేనే ధైర్యవంతులన్న ఒత్తిడి పెట్టడం కూడా ఒక రకం బలవంతమే. తిండికీ గూటికీ ఇంటి మీద ఆధారపడ్డ మనిషి నోరు మూసుకుని ఉండటం పిరికితనం అవదు. మంచి కౌన్సెలర్ ఆ మౌనాన్ని కూడా గౌరవిస్తారు.

కంఠస్థం చేసిన కథలు

దీనికి విరుద్ధమైన గది ఎలా ఉంటుందో చూస్తే తేడా తెలుస్తుంది. హార్మోన్లకో, సర్జరీకో వెళ్లాలనుకునే ట్రాన్స్ వ్యక్తి సైకియాట్రిస్టు దగ్గర కాగితం తీసుకోవడం రివాజు. ప్రపంచంలో చాలా చోట్ల పాటించే, ట్రాన్స్ ఆరోగ్య నిపుణుల సంఘం డబ్ల్యూపాథ్ ప్రమాణాల ఏడో కూర్పు, 2012 నాటిది, కొన్ని సర్జరీలకు రెండు ఉత్తరాలు అడిగేది. 2022లో వచ్చిన ఎనిమిదో కూర్పు పెద్దవాళ్ల విషయంలో దాన్ని ఒకటికి తగ్గించింది. ఉత్తరం ఇచ్చే అధికారం ఎదుటివాళ్ల చేతిలో ఉన్నప్పుడు ఏం జరుగుతుంది? ముందు వెళ్లొచ్చినవాళ్లు తర్వాతివాళ్లకు నేర్పుతారు. 'చిన్నప్పుడు బొమ్మలతో ఆడుకున్నానని చెప్పు. ఎప్పుడూ డౌటు రాలేదని చెప్పు. ఏడువు కొంచెం.' డాక్టరుకి వినాలనిపించే కథ కంఠస్థం చేసి వెళ్తారు. ఆ గదిలో సందేహానికి చోటు లేదు, ఎందుకంటే సందేహం చెబితే కాగితం రాదు. జీవితంలో ఇంత పెద్ద నిర్ణయం తీసుకునే ముందు మనిషికి మనసు విప్పి మాట్లాడే ఒకే ఒక్క అవకాశాన్ని మనమే ఇంటర్వ్యూగా మార్చేశాం.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మాట వేరు, అది దాటవేయకూడదు. ఇంగ్లండ్‌లో డాక్టర్ హిలరీ కాస్ 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక, యుక్తవయసు మార్పులను ఆపే మందుల మీద ఉన్న ఆధారాలు బలహీనంగా ఉన్నాయని చెప్పింది. దాని మీద వైద్యుల్లో వాదన ఇంకా నడుస్తోంది. పిల్లలకు మందులు ఎప్పుడు, అసలు ఇవ్వాలా అన్నది జాగ్రత్తగా తేల్చాల్సిన వైద్య ప్రశ్న. దాన్ని అడ్డం పెట్టుకుని పిల్లవాడి మాట వినడమే తప్పు అనడం మాత్రం అన్యాయం. పదమూడేళ్ల పిల్ల 'నాకిలా అనిపిస్తోంది' అంటే కొట్టకుండా, ఎగతాళి చేయకుండా, ఆత్రంగా పేరు కూడా పెట్టకుండా వినడానికి ఏ మందూ అక్కర్లేదు.

ముసుగు వేసుకున్న డాక్టరు

ఇవాళ జబ్బు కాదంటున్నది ఒకప్పుడు జబ్బుల పుస్తకంలో ఎలా ఉండేదో, ఎలా పోయిందో తెలిస్తే వైద్యం మీద మనకున్న గుడ్డి నమ్మకం కొంచెం కళ్లు తెరుస్తుంది. 1950లలో అమెరికన్ సైకాలజిస్టు ఈవ్లిన్ హుకర్ ముప్ఫై మంది గే మగవాళ్లకూ, ముప్ఫై మంది ఇతర మగవాళ్లకూ ఒకే మానసిక పరీక్షలు పెట్టారు. పేర్లు తీసేసి ఫలితాలు పెద్ద పెద్ద నిపుణుల చేతికిచ్చారు. ఎవరు ఏ గుంపువాళ్లో వాళ్లు చెప్పలేకపోయారు. 1957లో ఆ పరిశోధన అచ్చయింది. అప్పటిదాకా డాక్టర్లు చూసింది ఆసుపత్రికి, జైలుకి వచ్చినవాళ్లను మాత్రమే. వాళ్లను చూసి అందరి మీదా తీర్పు రాశారు.

1972 మేలో డాలస్‌లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ సమావేశం. వేదిక మీదికి ఒక మనిషి వదులు సూటు వేసుకుని, విగ్గు పెట్టుకుని, రబ్బరు ముసుగుతో వచ్చాడు. గొంతు గుర్తు పట్టకుండా మైకును కూడా మార్చారు. పేరు 'డాక్టర్ హెచ్. అనానిమస్'. తాను గే అనీ, తాను సైకియాట్రిస్టుననీ ఆ సభలో చెప్పాడు. ఆ ముసుగులో ఉన్నది జాన్ ఫ్రయర్. గే అన్న కారణంగా అంతకుముందే ఉద్యోగం పోగొట్టుకున్న డాక్టరు. సాటి డాక్టర్ల ముందు డాక్టరే ముఖం కప్పుకోవాల్సి వచ్చిందంటే, వాళ్ల ముందు రోగులుగా నిలబడ్డవాళ్ల గతి ఏమై ఉంటుందో ఊహించండి. మరుసటి ఏడాది, 1973 డిసెంబరులో, ఆ సంఘం స్వలింగ ప్రేమను జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న ఆ పని చేసింది. ట్రాన్స్ గుర్తింపును మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తప్పించిన ఆ సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11 అమల్లోకి వచ్చేసరికి 2022 అయింది.

1973 నిర్ణయంలో ముఖ్య పాత్ర రాబర్ట్ స్పిట్జర్‌ది. ఆయనే 2003లో రెండు వందల మందితో ఫోన్‌లో మాట్లాడి, కొందరు నిజంగా 'మారారు' అని ఒక పరిశోధన వెలువరించారు. మార్పిడి చికిత్స చేసేవాళ్లకు అది పెద్ద ఊతకర్ర అయింది. తన పరిశోధన ఆ మార్పును నిరూపించలేదని, అది నమ్మి ఏళ్లూ శ్రమా వృథా చేసుకున్నవాళ్లకు క్షమాపణ చెబుతున్నానని 2012లో, ఎనభయ్యో ఏట, ఆయనే రాశారు. ఆ వయసులో ఆ ఉత్తరం రాయడానికి ఎంత నిజాయితీ కావాలో నాకు తెలుసు అనను, కానీ దాన్ని చదివిన ప్రతిసారీ గౌరవం కలుగుతుంది.

పెళ్లి అనే మందు

మన దగ్గర మార్పిడి చికిత్స ఎక్కువగా ఆసుపత్రిలో జరగదు. ఇంట్లో జరుగుతుంది. తాయెత్తు కట్టిస్తారు, స్వామి దగ్గరికి తీసుకెళ్తారు, దర్గాలో నిద్ర చేయిస్తారు, ప్రార్థన కూటంలో తల మీద చేతులు పెట్టిస్తారు. ఫోన్ లాక్కుంటారు, చదువు మాన్పిస్తారు. ఇవేవీ పని చేయకపోతే అందరూ కలిసి ఎంచుకునే మందు ఒకటుంది: పెళ్లి. 'పెళ్లయితే అదే కుదురుకుంటుంది' అన్న మాట వినని గే యువకుడు తెలుగునాట ఉంటాడా? ఆ మందు ఇద్దరి గొంతులో పోస్తారు. అవతల ఏమీ తెలియని ఒక ఆడపిల్ల, ఆమెను కన్న అమ్మానాన్నలు, వాళ్లు చేసిన అప్పు. ఏడాదికి ఆమె తనలోనే ఏదో లోపముందని నమ్మడం మొదలుపెడుతుంది. కొడుకుని మార్చాలనుకున్న ఇల్లు ఇంకొకరి కూతురి జీవితాన్ని ఖర్చు చేస్తుంది. ఈ లెక్క మన కుటుంబ చర్చల్లో ఎవరూ వేయరు. లెస్బియన్ అమ్మాయిల విషయంలో ఇది ఇంకా దారుణం, ఎందుకంటే అక్కడ 'మందు' రాత్రిపూట బలవంతంగా పడుతుంది, దాన్ని ఎవరూ అత్యాచారం అనరు.

ఆసుపత్రుల చరిత్ర కూడా శుభ్రంగా లేదు. 2001లో ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రి డాక్టరు గే యువకుడికి 'మార్చే' వైద్యం చేస్తున్నాడని నాజ్ ఫౌండేషన్ అనే సంస్థ జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు చేస్తే, కమిషన్ జోక్యం చేసుకోలేదు. 377 సెక్షన్ కింద స్వలింగ సంబంధమే నేరమైనప్పుడు మేమేం చేస్తామన్న వాదన అడ్డొచ్చింది. ఆ సెక్షన్‌ను పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధాలకు వర్తించకుండా సుప్రీంకోర్టు కొట్టేసింది 2018 సెప్టెంబరు 6న. అదే ఏడాది స్వలింగ ప్రేమ జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ బహిరంగంగా ప్రకటించింది. ఆ ఏడాది మే నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఊరి ఆచారానికీ మత నమ్మకానికీ సరిపోకపోవడం మానసిక జబ్బు కాదని స్పష్టంగా రాసింది. మద్రాసు తీర్పు తర్వాత 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ మార్పిడి చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది.

ఇంత జరిగాక కూడా 2024 ఆగస్టు చివర్లో అదే కమిషన్ విడుదల చేసిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో స్వలింగ సంబంధాలు మళ్లీ అసహజ లైంగిక నేరాల జాబితాలో ప్రత్యక్షమయ్యాయి. గొడవ లేచాక కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. గొడవ లేవకపోయి ఉంటే? మన పిల్లలు రేపు ఎవరి దగ్గరికి వెళ్తారో ఆ డాక్టర్లు అది చదువుకుని బయటికొచ్చేవారు.

అమ్మ అడిగే ప్రశ్న

కౌన్సెలింగ్ గదిలోకి తల్లిదండ్రులు వచ్చినప్పుడు వాళ్లను నేరస్థుల్లా చూస్తే పని జరగదు. చాలామంది తల్లులు ముందు అడిగేది ఒక్కటే: "నా పెంపకంలో ఏం తప్పు జరిగిందమ్మా?" తండ్రులు ఎక్కువగా నలుగురి గురించి అడుగుతారు, ఎక్కడ తలెత్తుకోవాలని. ఈ రెండు ప్రశ్నల వెనకా ప్రేమ ఉంది, భయం ఉంది. కొడుకు ముసలితనంలో ఒంటరివాడైపోతాడేమో, ఎవరు అన్నం పెడతారు అన్న దిగులు ఉంది. పెంపకంలో తప్పు లేదని, దీనికి కారకులు మీరు కారని అమ్మకు ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. బిడ్డ తనను తాను తెలుసుకోవడానికి పదేళ్లు తీసుకుని ఉంటే, అమ్మకు పది నెలలైనా ఇవ్వాలి కదా. ముంబైలో 2017లో ఇలాంటి తల్లిదండ్రులే కలిసి 'స్వీకార్' అని ఒక బృందం పెట్టుకున్నారు. తల్లి మాట మరో తల్లికి ఎక్కినట్టు డాక్టరు మాట ఎక్కదు. అలాంటి కూడిక మన విజయవాడలో, వరంగల్‌లో, అనంతపురంలో తెలుగులో మాట్లాడుకుంటూ జరగాలన్నది నా బలమైన కోరిక.

కొడుకు ఒంటరివాడవుతాడన్న తండ్రి భయాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. దాన్ని నిజం చేస్తున్నది చట్టం కూడా. స్వలింగ జంటల పెళ్లిని గుర్తించమన్న పిటిషన్లలో మొదటి పేరు మన హైదరాబాద్‌లో కాపురముంటున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్‌లది. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు అది పార్లమెంటు పని అని తప్పుకుంది. ఆసుపత్రిలో ఆపరేషన్ కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలి వంటి బెంగలను కౌన్సెలర్ ఒక్కరూ మాటలతో తీర్చలేరు. బయటి నుంచి పడే ఇలాంటి ఒత్తిడి మనసును ఎలా నలిపేస్తుందో ఐలన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో వివరంగా రాశారు. ఇలాంటివాళ్లలో దిగులు, ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువగా కనిపించడానికి కారణం వాళ్ల స్వభావం కాదు. నిత్యం ఎదురయ్యే అవమానం, దాచుకోవాల్సి రావడం, ఎప్పుడేం జరుగుతుందోనన్న ఎదురుచూపు. కాబట్టి మంచి కౌన్సెలర్ 'నీ ఆలోచన మార్చుకో' అనే ముందు 'నీ మీద జరుగుతున్నది అన్యాయం' అని చెప్పగలగాలి.

హైదరాబాద్‌లో ఒక తలుపు

మన నేల మీద ఈ అన్యాయానికి పాత చట్టం కూడా ఉండేది. ట్రాన్స్ మహిళలను రిజిస్టరులో నమోదు చేసి, ఆడ బట్టల్లో వీధిలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు చేయమన్న నిజాం కాలపు చట్టం, 1919 నాటిది, కాగితాల మీద వందేళ్లు దాటి బతికింది. వైజయంతి వసంత మొగ్లీ తదితరులు కోర్టుకెళ్లాక 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. అంతకు ముందే 2014లో, తన లింగం ఏమిటో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని, దానికి సర్జరీ షరతు పెట్టకూడదని సుప్రీంకోర్టు నాల్సా తీర్పులో చెప్పింది. సాహిత్యం వైపు చూస్తే, ట్రాన్స్ మహిళ ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగులోకి తెచ్చి, 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకున్నారు. ఎంతోమంది తెలుగు పాఠకులు ఒక ట్రాన్స్ మహిళ గొంతును అంత దగ్గరగా వినడం ఆ పుస్తకంతోనే.

2021లో హైదరాబాద్ నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ మొదలైంది. ట్రాన్స్ వ్యక్తుల కోసం, చాలా వరకు ట్రాన్స్ వ్యక్తులే నడిపిన చోటు. హార్మోన్ల సలహా, హెచ్‌ఐవీ పరీక్షలు, వాటితో పాటు మనసు విప్పి మాట్లాడుకునే కౌన్సెలింగ్. పక్కనుండి పలకరించేవాళ్లు తమలాంటివాళ్లే కావడంతో, వేరే ఆసుపత్రిలో ఓపీ చీటీ దగ్గరే 'మగా ఆడా' అని నలుగురిలో అరిపించుకున్నవాళ్లు అక్కడ కుర్చీలో స్థిమితంగా కూర్చోగలిగారు. అమెరికా ప్రభుత్వ సాయంతో నడిచేది. 2025 మొదట్లో ఆ సాయం ఆగిపోవడంతో తలుపులు మూతపడ్డాయి. తర్వాత టాటా ట్రస్ట్స్ అండతో 'సబ్‌రంగ్' పేరుతో మళ్లీ తెరుచుకుంది. వేలమంది ఆధారపడ్డ చోటు వేరే దేశపు సర్కారు నిర్ణయంతో రాత్రికి రాత్రి ఆగిపోగలదంటే, ఈ పని మన ప్రభుత్వాసుపత్రులు నెత్తికెత్తుకోవాల్సిన సమయం ఎప్పుడో వచ్చింది. దారి లేకపోలేదు. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో చేరిన ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ తెలంగాణ ప్రభుత్వ సర్వీసులోకి వచ్చిన మొదటి ట్రాన్స్ డాక్టర్లు. జిల్లా ఆసుపత్రికి ఒక్క శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉన్నా, రాయచోటి కుర్రాడు, భైంసా పిల్ల హైదరాబాద్ బస్సెక్కే పని తప్పుతుంది.

ఫోన్ చేసే ముందు

మన దేశంలో లక్ష మందికి ఒక సైకియాట్రిస్టు కూడా లేరు. ప్రైవేటులో ఒక్క సిట్టింగ్‌కి వెయ్యి రూపాయలు దాటడం మామూలే. బోర్డు పెట్టుకున్న ప్రతివారూ చదువుకున్నవారు కారు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడగడానికి మొహమాటపడక్కర్లేదు. డబ్బు లేనివాళ్లు, అర్ధరాత్రి గుండె బరువెక్కినవాళ్లు కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్‌కి, 14416కి చేయొచ్చు. డబ్బులుండవు, తెలుగులో మాట్లాడతారు.

ప్రైవేటు కౌన్సెలర్‌ని ఎంచుకునేటప్పుడు మొదటి ఫోన్‌లోనే నాలుగు మాటలు అడిగేయండి. ఇంతకుముందు గే, లెస్బియన్, ట్రాన్స్ వ్యక్తులతో పని చేశారా? నేను చెప్పింది నా అనుమతి లేకుండా మా అమ్మానాన్నలకు చెబుతారా? గోప్యత మీకు చట్టం ఇచ్చిన హక్కు. ప్రాణానికి ముప్పులాంటి కొద్ది సందర్భాలే మినహాయింపు, అవేమిటో వాళ్లే ముందుగా విడమరచి చెప్పాలి. నాకు ఇంకా తేలలేదు, తేలడానికి ఎంతకాలం ఇస్తారు? మా ఇంట్లోవాళ్లు నన్ను మార్చమని అడిగితే మీరేమంటారు? ఈ చివరి ప్రశ్నకు 'ప్రయత్నిద్దాం, చాలామంది మారారు' అన్న జవాబు వస్తే ఫోన్ పెట్టేసి ఇంకో నంబరు చూసుకోండి. డాక్టరైతే, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు కూడా చేయొచ్చు.